వికార్ గారు నన్ను రీడర్ శిక్షణకు వెళ్లమంటున్నారు. ఆర్డినేషన్ (పాస్టర్‌గా అభిషేకం) లేనివాళ్లం ఆంగ్లికన్ చర్చిలో ఎంతవరకు చేయొచ్చు?

ఉదయకాల ప్రార్థన:

అందరికీ వందనాలు. మేం ఇంగ్లండ్‌లో ఉంటాం, నేను ఫార్మసీలో పనిచేస్తాను. మేం వెళ్లేది చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పారిష్ చర్చికి. మా వికార్ (పారిష్ పాస్టర్) గారి చేతిలో మా చర్చితో కలిపి మూడు చర్చిలు ఉన్నాయి. ఆదివారం పొద్దున ఒకచోట ఆరాధన ముగించి, తలుపు దగ్గర నిలబడి నలుగురికి చేయి కలిపి, గౌను తీయకుండానే కారెక్కి ఇంకో చర్చికి వెళ్తారు ఆవిడ. చూస్తుంటే మనసు చివుక్కుమంటుంది.

ఆమధ్య ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "రీడర్‌గా శిక్షణ తీసుకోవడం గురించి ప్రార్థన చేసి చూడండి" అన్నారు. నాకు తెలిసినంతవరకు రీడర్ అంటే పాస్టర్ కాకుండానే, బిషప్ లైసెన్సుతో ప్రసంగించి ఆరాధన నడిపించే విశ్వాసి. ఇప్పటికే నేను వాక్యపఠనం చేస్తాను, విజ్ఞాపన ప్రార్థనలు నడిపిస్తాను, ప్రభు భోజనంలో పాత్ర అందిస్తాను. ఇవన్నీ ఇష్టంగానే చేస్తున్నాను. కానీ ప్రసంగం చేయడం, లైసెన్సు, బిషప్ గారి ముందు ప్రమాణం... ఇవి వేరే సంగతులు కదా.

మా ఆయన, "చదివితే పాస్టర్ చదువే చదువు, సగం పాస్టర్‌వి కావడం దేనికి?" అంటున్నారు. మా అమ్మేమో ఫోన్‌లో "పాస్టరమ్మవి అవుతున్నావా!" అని తెగ సంబరపడిపోయింది. కాదమ్మా అంటే మరి ఏమిటో చెప్పాలి. నాకే సరిగ్గా తెలియదు.

అందుకే అడుగుతున్నాను. రీడర్ ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు? ఉద్యోగం చేస్తూ ఇది సాధ్యమేనా? రేపు వికార్ గారు బదిలీ మీద వెళ్లిపోతే మూడు చర్చిల భారం నా నెత్తినే పడుతుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

నీలి స్కార్ఫ్:

వందనాలు చెల్లెమ్మా. నేనూ ఇంగ్లండ్‌లోనే, ఇంకో డయాసిస్‌లో (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతంలో) రీడర్‌ని. వారమంతా బస్ డిపోలో డ్రైవర్లకు డ్యూటీ రోస్టర్లు వేస్తాను. మిమ్మల్ని అడిగింది చిన్న విషయం కాదు, కాబట్టి నా జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు మీ ఆయన మాట తీసుకుందాం. రీడర్ సగం పాస్టర్ కాదు. ఈ మాట నేను ఎక్కడైనా గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఈ పరిచర్యను ఎక్కువగా పాడుచేసేది ఈ ఒక్క అపోహే. ఆర్డినేషన్ ద్వారా వచ్చేవి మూడు: డీకన్, ప్రీస్ట్ (మనం పాస్టర్ అనేది), బిషప్. రీడర్ ఆ వరసలో కింది మెట్టు మీద నిలబడి పైకి చూసేవాడు కాదు. ఆయన విశ్వాసుల్లో ఒకడు, విశ్వాసిగానే ఉంటాడు. చర్చి చట్టాల్లో, అంటే కానన్లలో, ఇ4 నుంచి ఇ6 దాకా ఈ ఉద్యోగం గురించే రాశారు. వాటిలో ఒక చిన్న వివరం నాకు ప్రాణం. బిషప్ ఒకరిని రీడర్‌గా చేర్చుకునేటప్పుడు తలమీద చేతులుంచరు. చేతిలో కొత్త నిబంధన పెడతారు. ఆ చేర్పు ఒకసారి జరిగితే మళ్లీ చేయరు. ఇంకో డయాసిస్‌కు మారితే అక్కడి బిషప్ దగ్గర కొత్త లైసెన్సు తీసుకోవాలి, అంతే.

నన్ను చేర్చుకున్న రోజు ఆ పుస్తకం అందుకున్నప్పుడు నాకు అర్థమైంది: నాకు అప్పజెప్పింది వాక్యం. ప్రభు భోజనపు బల్ల కాదు. ఆ రెండింటినీ కలగలపకుండా ఉంటే మనసుకు ఎంత స్వేచ్ఛో!

ఇక ఏం చేయొచ్చు అన్నది. ఉదయకాల, సాయంకాల ప్రార్థనల ఆరాధన నడిపించవచ్చు, ప్రసంగం చేయవచ్చు, పెళ్లి ప్రకటనలు చదవవచ్చు, పిల్లలకూ పెద్దలకూ బోధించవచ్చు, రోగుల దగ్గరికి వెళ్లి వాక్యం చదివి ప్రార్థించవచ్చు, కానుకలు అందుకుని సమర్పించవచ్చు, ప్రభు భోజనంలో రొట్టె, పాత్ర అందించవచ్చు. చనిపోయినవారి కుటుంబం ఇష్టపడి, పారిష్ పాస్టర్ పిలిచి, బిషప్ అధికారం ఇస్తే భూస్థాపన ఆరాధన కూడా నడిపించవచ్చు.

చేయకూడనివి కొద్దే, కానీ ఖచ్చితమైనవి. ప్రభు భోజనానికి అధ్యక్షత వహించకూడదు. పాపక్షమాపణ ప్రకటించకూడదు. ప్రీస్ట్ ఇచ్చే దీవెన ఇవ్వకూడదు. పెళ్లి చేయకూడదు. బాప్తిస్మం మామూలుగా పాస్టర్ పనే, అయితే ప్రాణాపాయం ఉన్నప్పుడు రీడరే కానక్కర్లేదు, ఏ విశ్వాసి అయినా ఇవ్వవచ్చు.

క్షమాపణ చోట ఏం చేస్తామో చెప్తాను, చాలామందికి తెలియదు. 1662 ప్రార్థనా గ్రంథం ప్రకారం ఉదయకాల ప్రార్థన నడిపిస్తున్నప్పుడు, అందరం కలిసి పాపాలు ఒప్పుకున్నాక ప్రీస్ట్ అయితే లేచి నిలబడి క్షమాపణ ప్రకటిస్తారు. నేను లేవను. అందరితోపాటు మోకాళ్ల మీదే ఉండి, త్రిత్వ పండుగ తర్వాతి 21వ ఆదివారపు కలెక్ట్ (ఆ రోజుకు నిర్ణయించిన చిన్న ప్రార్థన) చదువుతాను. నీ ప్రజలకు క్షమాపణను, సమాధానాన్ని దయచేయుమని అడిగే ప్రార్థన అది. సంఘం మధ్యలో మోకరించి, సంఘంతో కలిసి అడగడం. నాకు ఆ క్షణం లోటుగా ఎప్పుడూ అనిపించలేదు. నా స్థానం ఎక్కడో ప్రతి ఆదివారం నాకు చూపించేది అదే.

మీరు పాత్ర అందిస్తున్నానన్నారు కదా, అందులోనే మీకు చాలా శిక్షణ జరుగుతోంది. పాత్ర అందించేవాళ్లు చూసేది మరెవరూ చూడరు. ఒకరు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటారు, ఒకరు వేలు కూడా ఆనించరు, అంచు ఎంత వంచాలో మనమే చూసుకోవాలి. వణికే చేతులున్న పెద్దాయన దగ్గర పాత్ర అడుగును మనం వదలకూడదు. ఒక్కొక్కరి తర్వాత తెల్లగుడ్డతో అంచును లోపల, బయట తుడిచి, పాత్రను కొద్దిగా తిప్పి పక్కవారి దగ్గరికి వెళ్లాలి. వాళ్ల ముఖంలోకి చూసి ఆ మాటలు అనాలి, గొణగకూడదు. చివర్లో మిగిలినది పారబోయకూడదు, భక్తితో అక్కడే పుచ్చుకోవాలి. ఈ పనంతా తొందర లేకుండా చేయగలిగినవారు ప్రసంగంలో కూడా మనుషుల్ని తొందరపెట్టరు. అభ్యర్థులతో మాట్లాడేటప్పుడు నేను ముందు చూసేది ఇదే.

ఉద్యోగం సంగతి. రీడర్లలో అత్యధికులకు జీతం ఉండదు, ప్రయాణం ఖర్చుల వంటివి పారిష్ ఇస్తుంది. శిక్షణ డయాసిస్‌ను బట్టి సాధారణంగా రెండు మూడేళ్లు, సాయంత్రాలు, కొన్ని శనివారాలు. కష్టమే. అయితే మీ ఉద్యోగం దీనికి అడ్డు అనుకోకండి. ఒకసారి మా డిపోలో ఒక డ్రైవర్ వాళ్లమ్మ చనిపోయింది. ఆయన ఏనాడూ చర్చి గడప తొక్కినవాడు కాదు. రోస్టర్ మార్చమని నా కిటికీ దగ్గరికి వచ్చి, "మీరు చర్చిలో ఏదో చేస్తారట కదా, మా అమ్మకు నాలుగు మాటలు చెబుతారా?" అని అడిగాడు. మా వికార్‌తో మాట్లాడాను, ఆయన సరేనన్నారు. ఆ కుటుంబంతో కూర్చుని, ఆమెకు ఏ పాట ఇష్టమో, ఎవరి పేరు చెప్పాలో, ఎవరి పేరు చెబితే గొడవో అన్నీ విని, భూస్థాపన నడిపించాను. వికార్ ఇంటి తలుపు కొట్టడానికి ఆయనకు ధైర్యం చాలేది కాదు. నా కిటికీ దగ్గరికి రాగలిగాడు. ఫార్మసీలో మీ బల్ల ముందుకు ఎంతమంది ఎలాంటి కాగితాలతో వస్తారో నాకంటే మీకే బాగా తెలుసు.

ఒక్క హెచ్చరిక. మీ వికార్ గారు అలసిపోయారు కాబట్టి, ఖాళీ పూడ్చడానికి మాత్రమే మిమ్మల్ని అడుగుతున్నారేమో చూసుకోండి. కారణం అదొక్కటే అయితే వద్దనండి. మీలో బోధించే వరం ఉందని సంఘం గుర్తించి అడిగితే మటుకు వెనకాడకండి.

వార్డెన్ కర్ర:

వందనాలండి. నేను చర్చివార్డెన్‌ని. చివరి ప్రశ్న ఒక్కదానికి జవాబిస్తాను, పైన అన్నగారు దాన్ని వదిలేశారు.

వికార్ వెళ్లిపోతే భారం రీడర్ మీద పడదు. పడనివ్వకూడదు. కొత్తవారు వచ్చేదాకా బాధ్యత చర్చివార్డెన్లది, రూరల్ డీన్‌ది (చుట్టుపక్కల పారిష్‌లను చూసుకునే పాస్టర్). ఏ ఆదివారం ఎవరు వస్తారు, ప్రభు భోజనానికి ప్రీస్ట్ ఎక్కడ దొరుకుతారు, ఈ లెక్కలన్నీ మేం చూసుకుంటాం. వార్డెన్లం మామూలుగా పారిష్‌కు ఇద్దరం. ఏటా పారిష్ ప్రజల సమావేశంలో ఎన్నుకుంటారు. ఎన్నుకునేది ప్రజలే అయినా మేం బిషప్ అధికారులం. చర్చిలోని కదిలే సామాను, అంటే వెండి పాత్రల నుంచి కుర్చీల దాకా, చట్టప్రకారం మా అధీనంలోనే ఉంటుంది. వాటి జాబితా ఏటా సరిచూడాలి. ఆరాధనలో క్రమం తప్పకుండా చూడటం కూడా మా పనే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆర్డినేషన్ లేనివాళ్ల పరిచర్య అనగానే అందరి కళ్లూ ప్రసంగ వేదిక వైపే వెళ్తాయి. అయిదేళ్లకోసారి ఆర్కిటెక్ట్ వచ్చి కట్టడాన్ని తనిఖీ చేసి నివేదిక ఇస్తారు. అది పట్టుకుని నిచ్చెనెక్కి, వాన నీటి గొట్టంలో ఇరుక్కున్న ఆకులు తీసేవాడు కూడా పరిచారకుడే. ఆకులు తీయకపోతే గోడలోకి నీరు దిగుతుంది, తర్వాత ప్రసంగం వినడానికి పైకప్పే ఉండదు. మా పీసీసీలో (పారిష్ పాలక మండలిలో) ట్రెజరర్‌గా ఉన్న పెద్దావిడ కానుకల పుస్తకాలు రాసేది చూస్తే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఎప్పుడూ ముందు వరసలో కూర్చోదు.

మీరు రీడర్ అవండి, సంతోషం. వికార్ లేని కాలంలో వార్డెన్ల మాట విని మాతో కలిసి పనిచేస్తే చాలు.

ఒక ప్రశ్న మాత్రమే:

అందరి జవాబులూ చదివాను. గౌరవంతోనే ఒకటి అడుగుతున్నాను. మనమంతా "రాజులైన యాజకసమూహము" అని పేతురు రాశాడు కదా. వాక్యం బోధించే అధికారం విశ్వాసికి ఇచ్చినప్పుడు రొట్టె విరిచే అధికారం ఎందుకివ్వరు? ప్రసంగంలో తప్పుడు బోధ చేస్తే జరిగే నష్టం ఎక్కువా, బల్ల దగ్గర ఒక రీడర్ ప్రార్థన చదివితే జరిగే నష్టం ఎక్కువా? సిడ్నీ డయాసిస్ సినడ్ (చర్చి నిర్ణయాలు చేసే సభ) 1999లో దీనికి ఒప్పుకుంది కూడా. మూడు చర్చిల మధ్య పరుగెత్తే ఆ వికార్ గారిని తలుచుకుంటే ఈ నియమం మనుషుల కోసమా, మనుషులు నియమం కోసమా అనిపిస్తోంది. నెలకోసారి కూడా ప్రభు భోజనం దొరకని సంఘాలున్నాయి.

నీలి స్కార్ఫ్:

మంచి ప్రశ్న అన్నా, మనసులో నొప్పి ఉన్నవారే ఇది అడుగుతారు. సిడ్నీ సంగతి పూర్తిగా చెప్పుకుందాం. సినడ్ ఆమోదించిన మాట నిజమే, కానీ అప్పటి ఆర్చ్‌బిషప్ హ్యారీ గుడ్‌హ్యూ సమ్మతి ఇవ్వలేదు, కాబట్టి అది అమల్లోకి రాలేదు. ఆయన ఆగడంలో అర్థముంది. ప్రపంచమంతటా ఉన్న ఆంగ్లికన్ సంఘాలు ఒకరి బల్ల దగ్గర ఒకరు కూర్చోగలగడానికి కారణం, ఆ బల్ల దగ్గర ఎవరు అధ్యక్షత వహిస్తారన్న దానిలో అందరూ ఒకే మాట మీద ఉండటం. ఒక డయాసిస్ తనంతట తాను దాన్ని మార్చేస్తే మిగతావారితో బంధం తెగుతుంది.

ప్రసంగానికీ దీనికీ తేడా ఎందుకంటారా? ఆంగ్లికన్ చర్చి 39 విశ్వాస సూత్రాల్లో 23వది చదవండి. న్యాయంగా పిలవబడి పంపబడకుండా ఎవరూ సంఘంలో బహిరంగ బోధ గానీ సంస్కారాల నిర్వహణ గానీ తమంతట తాము చేపట్టకూడదు అంటుంది. చూశారా, బోధకు కూడా అదే షరతు. నేను ప్రసంగిస్తున్నది నేను విశ్వాసిని కాబట్టి కాదు. బిషప్ నన్ను దానికి పంపారు కాబట్టి. సంస్కారానికి సంఘం ప్రీస్ట్‌ను పంపింది. యాజకసమూహం అన్న మాట సంఘమంతటికీ కలిపి చెప్పింది. అందులో ఎవరు ఏ పని చేయాలో సంఘం నిర్ణయిస్తుంది, ఎవరికి వారు కాదు.

ప్రీస్ట్ దొరకని చోట్లకు దారి లేకపోలేదు. ప్రీస్ట్ ఒక చర్చిలో ప్రతిష్ఠించిన రొట్టె, ద్రాక్షారసం బిషప్ అనుమతితో ఇంకో చర్చికి తీసుకెళ్లి, అక్కడ డీకన్ గానీ అనుమతి పొందిన రీడర్ గానీ ఆరాధన నడిపించి అందించవచ్చు. దానికి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 2001లో ప్రత్యేక క్రమం ప్రచురించింది. కానీ అది మినహాయింపుగానే ఉండాలని అందులోనే రాశారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. ఆ క్రమంలో ఆరాధన నడిపించిన ప్రతిసారీ నేను సంఘానికి చెబుతాను, ఈ రొట్టె ఫలానా చర్చిలో ఈ పొద్దున మన కోసం కూడా విరిచారు అని. ఆ చర్చి వాళ్ల కోసం పేరు పెట్టి ప్రార్థిస్తాం. లోటును దాచిపెట్టడం నాకు ఇష్టం ఉండదు. ప్రీస్ట్‌లు కావాలని దేవుణ్ణి అడగడం సంఘం మానేయకూడదు.

పాత రిజిస్టర్:

చరిత్ర అంటే ఇష్టమున్నవాణ్ణి, నాకు తోచినవి చెబుతాను.

పదహారో శతాబ్దంలో మొదటి ఎలిజబెత్ కాలంలోనే, పాస్టర్లు చాలక, చదువరులను చర్చిల్లో నియమించారు. తర్వాత అది కనుమరుగైంది. ఇప్పుడున్న రీడర్ పదవిని 1866లో బిషప్‌లు తిరిగి నిలబెట్టారు. స్త్రీలను 1969లో రీడర్లుగా చేర్చుకోవడం మొదలుపెట్టారు. ఇది సిస్టర్ గారు గమనించాలి: ఇంగ్లండ్‌లో స్త్రీలు డీకన్లయింది 1987లో, ప్రీస్ట్‌లయింది 1994లో. అంటే స్త్రీకి ప్రీస్ట్ పదవి రావడానికి పాతికేళ్ల ముందే రీడర్‌గా ప్రసంగ వేదిక మీద నిలబడే అధికారం వచ్చింది. తర్వాత ఆర్డినేషన్ గురించి జరిగిన వాదనలన్నిటికంటే ముందు సంఘాలు ఆ గొంతులు విన్నాయి.

విశ్వాసుల అధికారం ఎంత ఉందో చెప్పడానికి ఇంకొకటి. 1970లో మొదలైన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ జనరల్ సినడ్‌లో బిషప్‌లది ఒక సభ, పాస్టర్లది ఒకటి, విశ్వాసులది ఒకటి. 2012 నవంబరులో స్త్రీలు బిషప్‌లు కావచ్చన్న తీర్మానం బిషప్‌ల సభలో గెలిచింది, పాస్టర్ల సభలో గెలిచింది, విశ్వాసుల సభలో 132 మంది ఔనన్నా 74 మంది కాదన్నారు. మూడింట రెండు వంతులు కావాలి, ఆరు ఓట్లు తక్కువై ఆగిపోయింది. 2014లో మళ్లీ పెట్టినప్పుడు గెలిచింది. 2012 నాటి ఫలితం నాకు చాలా బాధ కలిగించింది, కానీ విశ్వాసుల మాట కాగితం మీద అలంకారం కాదని ఆరోజు లోకమంతా చూసింది.

ఇంగ్లండ్ దాటి చూస్తే ఈ పరిచర్య ఇంకా పెద్దది. బెర్నార్డ్ మిజెకి మొజాంబిక్‌లో పుట్టాడు, కేప్‌టౌన్‌లో బాప్తిస్మం పొందాడు, ఇప్పటి జింబాబ్వేలోని ఒక పల్లెలో కాటకిస్టుగా (విశ్వాస పాఠాలు బోధించేవాడిగా) పనిచేశాడు. ఆర్డినేషన్ లేదు. 1896లో తిరుగుబాటు సమయంలో ప్రాణాలకు ముప్పు ఉందని తెలిసినా తనకు అప్పజెప్పిన మనుషుల్ని వదిలి వెళ్లలేదు. జూన్ 18న చంపేశారు. ఏటా జూన్‌లో వేలమంది అక్కడికి యాత్ర వెళ్తారు. ఆంగ్లికన్ కేలండర్లో ఆయన పేరు బిషప్‌ల పక్కనే ఉంది.

మన తెలుగు నేల మీద దోర్నకల్ కథ మీలో చాలామందికి తెలుసు. వి.ఎస్. అజరయ్య గారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. అయితే 1909లో డీకన్ కాకముందు ఏళ్ల తరబడి ఆయన వైఎంసీఏ కార్యదర్శి, అంటే మనలాంటి విశ్వాసే. 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముందు నిలిచినప్పుడు ఆయనకు ఆర్డినేషన్ లేదు. బిషప్ అయ్యాక బాప్తిస్మం పొందినవారిచేత తలమీద చేయి పెట్టించి, "నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అన్న పౌలు మాటను పలికించేవారు. ఎవరిచేత? బడి ముఖం చూడని కూలివాళ్లచేత. వాక్యం పంచడం పాస్టర్ ఒక్కడి పని అని ఆయన డయాసిస్‌లో ఎవరూ అనుకునే వీలే లేకుండా చేశారు.

ఉదయకాల ప్రార్థన:

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మా ఆయనకు మొత్తం చదివి వినిపించాను. కొత్త నిబంధన చేతికిచ్చే సంగతి విన్నాక ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే వెళ్లి కనుక్కో" అన్నారు.

నీలి స్కార్ఫ్ అన్నగారికి ఇంకో ప్రశ్న. ప్రసంగం అంటే నాకు నిజంగా భయం. వేదాంతం చదివినవాళ్లు, నాకంటే రెండింతలు వయసున్నవాళ్లు కూర్చునే సంఘం మాది. మందుల మోతాదులు చెప్పే నేను వాళ్లకేం చెప్పగలను? ఇంకోటి, శిక్షణ మధ్యలో నాది కాదనిపిస్తే వెనక్కి రావచ్చా?

నీలి స్కార్ఫ్:

వెనక్కి రావచ్చు, అందులో సిగ్గుపడేదేమీ లేదు. మాతో చదివినవాళ్లలో కొందరు మధ్యలో ఆగి, ఇళ్లకు వెళ్లి రోగుల్ని పరామర్శించే సేవలోకి వెళ్లారు. అది వాళ్లకు సరిగ్గా నప్పింది. కొందరు ఆర్డినేషన్ వైపు వెళ్లారు. శిక్షణ ఉన్నది అది తేల్చుకోవడానికి కూడా.

ప్రసంగం గురించి. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో అపొల్లో గురించి చదివే ఉంటారు. గొప్ప వక్త, లేఖనాల్లో దిట్ట. ఆయన్ను చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించింది ఎవరు? డేరాలు కుట్టుకునే అకుల, ప్రిస్కిల్ల. వేదాంతం చదివినవారికి మీరు వేదాంతం చెప్పనక్కర్లేదు. వాళ్లు వారమంతా చూడనిదాన్ని మీరు చూస్తారు. వాక్యాన్ని అక్కడికి తీసుకెళ్లి చదవండి.

నేను ఎలా చేస్తానో చెబుతాను. ఆదివారం పాఠాలు సోమవారమే చూస్తాను. వ్యాఖ్యానాలు ముట్టను. డిపోకు వెళ్లే దారిలో ఆ భాగాన్ని నోటితో పలుకుతూ వెళ్తాను. ఎక్కడ నాలుక తడబడుతుందో అక్కడే ఏదో ఉంటుంది. ద్రాక్షతోట పనివాళ్ల ఉపమానం మీద ప్రసంగం వచ్చిన వారం, పొద్దున ఆరింటికి ఎక్కినవాడికీ సాయంత్రం అయిదింటికి వచ్చినవాడికీ ఒకే కూలి అన్నచోట నేను ఆగిపోయాను. రోస్టర్లు వేసేవాణ్ణి, నా దగ్గర అలా చేస్తే డ్రైవర్లు ఊరుకోరు. ఆ కోపాన్ని అలాగే వేదిక మీదికి తీసుకెళ్లాను. ఆ యజమాని మీద పొద్దున్నే వచ్చినవాడికి ఎందుకు కోపమొచ్చిందో ముందు నిజాయితీగా చెప్పి, ఆ తర్వాతే రోజంతా సంతలో నిలబడి ఎవరూ పిలవనివాడి వైపు తిరిగాను. రిటైరైన ఒక పాస్టర్ గారు తలుపు దగ్గర నా చేయి పట్టుకుని, అన్నేళ్లు ప్రసంగించినా పొద్దుటి కూలివాడి పక్కన తానెప్పుడూ నిలబడలేదన్నారు. వ్యాఖ్యానాలు నేను గురువారం తెరుస్తాను, నేను అనుకున్నది వాక్యాన్ని దాటిపోయిందేమో సరిచూసుకోవడానికి. వాటిని వదిలేయకూడదు. ఇ5 కానన్ అడిగేది కూడా ఇదే: లేఖనాలు, సంఘ సిద్ధాంతం తగినంత తెలిసి ఉండాలి, ఆరాధన క్రమాన్ని స్పష్టంగా, వినబడేలా, భక్తితో చదవగలగాలి, బోధించగలగాలి. ఇందులో పెద్ద గొంతు గానీ పెద్ద డిగ్రీ గానీ లేదు.

ఇక పనిలోకి దిగండి. మిమ్మల్ని ప్రతిపాదించాల్సింది మీ వికార్ గారే. పీసీసీ మద్దతు కూడా కావాలి, కాబట్టి వాళ్లకు వార్త మీ నోటి నుంచే వెళ్లనివ్వండి, బయటి నుంచి తెలియనివ్వకండి. బాప్తిస్మం, నిర్ధారణ (కన్ఫర్మేషన్) పొందిన కాగితాలు వెతికి పెట్టుకోండి, ఎంపిక సమయంలో అడుగుతారు. పిల్లలు, బలహీనుల భద్రతకు సంబంధించిన శిక్షణ, డీబీఎస్ (నేర చరిత్ర) తనిఖీ తప్పవు. ఆలస్యం చేయకుండా మొదలుపెట్టండి. డయాసిస్‌లో రీడర్ల బాధ్యత చూసే వార్డెన్ ఆఫ్ రీడర్స్ అని ఒకరుంటారు, ఆయన్నో ఆవిడనో కలవండి. కలిసినప్పుడు శిక్షణ ఏ రోజుల్లో, ఎక్కడ జరుగుతుందో, పుస్తకాల ఖర్చు ఎవరిదో అడగండి. లైసెన్సు అయ్యాక నెలకు ఎన్ని ఆరాధనలు, ఎన్ని ప్రసంగాలు, ఏ వారం పూర్తిగా సెలవు అన్నది వికార్‌తో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. మూడు చర్చిలున్న చోట ఇది చాలా అవసరం. లేకపోతే నెలలో మూడు ఆదివారాలు మీవే అవుతాయి, ఇంట్లోవాళ్లతో కలిసి బెంచీ మీద కూర్చుని ప్రసంగం వినే ఆదివారమే ఉండదు. వినడం మానేసిన రీడర్ కొన్నాళ్లకు చెప్పడానికి ఏమీ లేనివాడవుతాడు.

మీ అమ్మగారికి ఏం చెప్పాలని అడిగారు కదా. బిషప్ గారు నాకు కొత్త నిబంధన ఇచ్చి, దీన్ని సంఘానికి చదివి వివరించమంటారమ్మా అని చెప్పండి. ఆవిడకు వెంటనే అర్థమవుతుంది.

ఉదయకాల ప్రార్థన:

మంగళవారం వికార్ గారిని కలుస్తున్నాను అన్నా. ఒప్పందం సంగతి ముందే అడుగుతాను. నిర్ధారణ సర్టిఫికెట్ మా అమ్మ దగ్గరే ఉంది, ఫొటో తీసి పంపమన్నాను.